మీటరు కంటే ముందు సర్వీసును చదువు

చిరంజీవి అల్లుడికి,

లైన్‌మన్ పనిలో చేరగానే మీటర్ల మీద ధ్యాస పెట్టినందుకు సంతోషం. ఇంటికి ఒక మీటరు, షాపుకు ఇంకోటి, మిల్లుకు వేరొకటి ఎందుకని అడిగావు. ఫోన్‌లో చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నా.

ముందు కేటగిరీని, మీటరును కలిపి చూడటం మానుకో. ఇల్లు ఎల్‌టీ (లో టెన్షన్)-1, దుకాణం ఎల్‌టీ-2, వ్యవసాయ బోరు ఎల్‌టీ-5. ఇవి యూనిట్ ధర తేల్చడానికి పెట్టుకున్నవి, మీటరుకు వాటితో పని లేదు. నల్లగొండలో ముందు గదిలో కిరాణా షాపు, వెనక కాపురం ఉన్న ఇళ్లు ఎన్నో చూస్తావు. రెండింటికీ ఒకే రకం సింగిల్ ఫేజు మీటరు పెట్టొచ్చు, కాకపోతే సర్వీసులు వేరుగా ఉండాలి. షాపును ఇంటి సర్వీసు మీద నడిపితే అది 2003 విద్యుత్ చట్టంలో 126వ సెక్షన్ కిందకొచ్చే అనధికార వాడకం, మీటరు దోషం కాదు. మీటరుకు కావలసిన సంగతులు మూడే: ఎన్ని ఫేజులు, ఎంత వోల్టేజి, ఎన్ని ఆంపియర్లు.

ఇంటి మీటరు ముఖం మీద 5-30 అని ఉంటుంది. 5 దాని మూల కరెంటు, 30 అది సరిగా లెక్కించే గరిష్ఠం. 230 వోల్టులతో గుణిస్తే 6,900 వాట్లు. రెండు ఏసీలు, గీజరు, బోరు మోటారు ఒకేసారి వేసే ఇంటికి అది చాలదు. మీటరు తిరుగుతూనే ఉంటుంది, టెర్మినల్ మాత్రం మాడిపోతుంది. అదే ముఖం మీద 3200 అనే అంకె ఉంటే, ఎర్ర లైటు అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అన్నమాట. వెయ్యి వాట్ల హీటరు ఒక్కటే వేసి చూడు, నిమిషానికి సుమారు 53 సార్లు మిణుకుమనాలి. మీటరు గిరగిరా తిరుగుతోందని గొడవపడే వాళ్లకు ఈ పరీక్ష చేసి చూపించు, సగం తగాదాలు అక్కడికక్కడే తెగుతాయి.

అసలు పని సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) మీటరు దగ్గర మొదలవుతుంది. మిర్యాలగూడ వైపు 75 హెచ్‌పీ మిల్లు ఉందనుకో. నిండు లోడులో ఫేజుకు 90 ఆంపియర్ల పైనే లాగుతుంది. అంత కరెంటును నేరుగా మీటరులోంచి పంపకుండా 100/5 సీటీలు పెడతాం. లైనులో వంద పోతే మీటరుకు అయిదే అందుతుంది. మీటరు మామూలు 5 ఆంపియర్లదైతే దాని రీడింగును 20తో గుణించాలి. ఆ 20నే మనవాళ్లు ఎంఎఫ్ (మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్) అంటారు. నెల తేడా 250 వస్తే బిల్లు 5,000 యూనిట్లకు. సీటీలు మార్చి ఎంఎఫ్ మార్చకపోతే ఎవరో ఒకరు నెలనెలా మునుగుతారు. మరి ముందుచూపుతో 400/5 పెడితే పోలా అంటావేమో. చిన్న లోడు నడిచే రోజుల్లో అది బియ్యం కాటా మీద బంగారం తూచినట్టే.

మూడు సీటీల్లో ఒకటి తిరగబడిందనుకో, సమాన లోడు మీద రెండు కలిసి ఒకటి తీసివేతకు పోతుంది. మీటరు మూడో వంతే చూపిస్తుంది. ఒక ఫేజు వోల్టేజి వైరు ఊడితే మూడింట రెండు వంతులు చూపిస్తుంది. మీటరు మాత్రం చక్కగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ఇంకో మాట, లోడు నడుస్తుండగా సీటీ సెకండరీ వైరు ఎన్నడూ విప్పకు. అక్కడ పుట్టే వోల్టేజికి మనిషి ప్రాణం పోతుంది.

పరిశ్రమ 100 హెచ్‌పీ దాటితే హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి మందుల కంపెనీల్లాంటివి ఆ కోవలోకి వస్తాయి. 11 కేవీ దగ్గర సీటీలతోపాటు పీటీలు (పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్లు) కూడా ఉంటాయి. 11,000 వోల్టులను 110కి దించితే 100, 50/5 సీటీతో 10, మొత్తం ఎంఎఫ్ 1,000. ఆ మీటరు మీద ఒక్క యూనిట్ తేడాగా చదివితే బిల్లులో వెయ్యి యూనిట్లు. అందుకే కచ్చితత్వంలో ఇంటి మీటరుకు క్లాస్ 1 చాలంటే దీనికి 0.5 ఎస్ కావాలంటారు. బిల్లు కూడా కేవీఏహెచ్‌లలో వేస్తారు కాబట్టి పవర్ ఫ్యాక్టర్ పడిపోతే కంపెనీ జేబుకే చిల్లు.

ఇక మన బోర్ల సంగతి. పాలమూరు, నల్లగొండ మెట్టల్లో సేద్యమంతా బోరు మీదే కదా. 2004లో ఉచిత కరెంటు వచ్చింది, 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇచ్చారు. పంపుసెట్లకు మాత్రం విడివిడిగా మీటర్లు లేవు. మచ్చుకు ఎంచుకున్న ట్రాన్స్‌ఫార్మర్ల ఎల్‌టీ వైపు మీటర్లు పెట్టి, వాటిని బట్టి మిగతా వాడకాన్ని అంచనా వేస్తారు. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడుకు సుమారు 84 ఆంపియర్లు, కాబట్టి 100/5 సీటీలు. ఒక ఫేజు పోతే కెపాసిటర్ పెట్టి రెండు ఫేజుల మీద మోటారు నడిపే రైతులు మన దగ్గర తక్కువేం కాదు. అందుకని మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ చూసే ఫోర్ వైర్ మీటరే అక్కడ పెట్టాలి. నన్నడిగితే, ఒక్క ఇంటి మీటరు తప్పు కంటే ఈ మచ్చు మీటరు తప్పు ఎక్కువ చేటు. దాని లెక్కను బట్టి వేల బోర్ల వాడకం తేలుతుంది.

నువ్వు చేయాల్సింది ఒకటే. మీ సెక్షన్‌లో ఉన్న సీటీ సర్వీసులన్నీ తిరిగి, సీటీ మీద ఉన్న నిష్పత్తి, మీటరు మీద ఉన్న నిష్పత్తి, బిల్లులో ఉన్న ఎంఎఫ్ పక్కపక్కన రాసుకో. మూడింటి లెక్క కలవని సర్వీసు కనపడితే అదే రోజు మీ ఏఈకి రాసి ఇవ్వు, నోటిమాటతో ఊరుకోకు.

నీ మామ