రాత్రి మంచు, కడవరి వాన

ఈ నెల పాఠమునకు ముందుగా ఆదికాండము 31వ అధ్యాయము 36 మొదలు 42 వరకును, నిర్గమకాండము 22వ అధ్యాయము 26, 27 వచనములును చదువుడి. కుటుంబ ప్రార్థనలో ఒకరు బిగ్గరగా చదువగా తక్కినవారు వినుట మంచిది.

యాకోబు తన మామయైన లాబానుతో వాదించుచు, 20 సంవత్సరములు తాను పడిన పాట్లు చెప్పుకొనెను. పగలు ఎండ, రాత్రి మంచు, కంటికి కునుకు లేదు. మన పల్లపు గ్రామములలో ఈ మాట చదువువారు గడ్డిమీది మంచుబొట్లనో, సంక్రాంతి నాటి పొగమంచునో తలంచుకొందురు. మనము మంచు అను ఒక్క మాటతోనే అన్నిటిని చెప్పుకొందుము గదా! హెబ్రీ భాషలో అట్లు కాదు. గడ్డిని తడుపుదానికి ఒక మాట, నేలమీద తెల్లగా పేరుకొనుదానికి ఒక మాట, కొండలపై కురియు హిమమునకు ఒక మాట, నీళ్లు గట్టిపడిన దానికి మరియొక మాట కలవు. యాకోబు పలికినది ఈ చివరి మాట. అది కుండలో నీళ్లు గడ్డకట్టునంతటి చలి.

కనాను దేశపు వసంతకాలమును గూర్చి కొంచెము తెలిసికొనిననే గాని ఇట్టి మాటల బరువు మనకు తెలియదు. మనకు తొలకరి యనగా జూన్ నెల, ఏరువాక. పరిశుద్ధ గ్రంథములోని తొలకరి వాన అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చును. ఎండి పగిలిన నేల అప్పుడు మెత్తబడగా దున్ని యవలు, గోధుమలు చల్లుదురు. పెద్ద వానలు డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు కురియును. మార్చి, ఏప్రిల్ నెలలలో పడునదే కడవరి వాన. గింజ నిండుట దానిమీదనే ఆధారపడియుండును. తరువాత సెప్టెంబరు వరకు ఇంచుమించు చినుకుండదు. యెరూషలేములో ఏడాది పొడుగున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. మన అనంతపురము ప్రాంతములో కురియునదియు దాదాపు అంతే. ఆ ప్రాంతపు రైతుకు యాకోబు పత్రిక 5:7 (ఈ యాకోబు వేరు) ఎవరును విప్పి చెప్పనక్కరలేదు.

అయితే ఈ కడవరి వానకు నిలుకడ లేదు. మధ్యధరా సముద్రముమీది మబ్బు పడమటినుండి వచ్చి, కొండలెక్కుచు చల్లబడి కురియును. కొండ దాటినచో ఎండిపోవును. యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల ఎత్తున నున్నది. యెరికో సుమారు 250 మీటర్ల దిగువన నున్నది. రెంటి నడుమ దూరము 25 కిలోమీటర్లే. ఇక్కడ జల్లు పడుచుండగా అక్కడ దుమ్ము లేచుచుండును. పడమట మబ్బు లేచుట చూచి వానను పసికట్టు జనులనుగూర్చి ప్రభువు చెప్పినది (లూకా 12:54) ఈ దేశమును చూచియే.

వాన వెలిసిన రాత్రియందే భయమెక్కువ. మబ్బు నేలకు దుప్పటి వంటిది. అది తొలగి, గాలి నిలిచి, నక్షత్రములు తేటగా కనబడు రాత్రి, నేల పగటి వేడిమినంతయు ఆకాశములోనికి విడిచివేయును. చల్లగాలి బరువైనది గనుక నీళ్లవలె జారి పల్లములో నిలుచును. అందుచేతనే గట్టుమీది చెట్టు బ్రదుకగా లోయలోని చెట్టు పూత మాడిపోవును. ఆ దేశములో అన్నిటికంటె ముందుగా, చలి తీరకమునుపే పూయునది బాదము. యిర్మీయాకు బాదము చువ్వ కనబడుటలో (1:11) ఈ సంగతియు జ్ఞాపకముంచుకొనుడి.

పస్కా పండుగ ఈ ఋతువులోనే వచ్చును. ఆ రాత్రి పున్నమి. పగలు వెచ్చగా నుండినను ప్రధానయాజకుని యింటి పనివారు నిప్పు రాజవేసికొనిరి, పేతురును వారితో చలి కాచుకొనెను (యోహాను 18:18). ఎవరి నిప్పు దగ్గర నిలిచెనో చూడుడి!

ఇప్పుడు నిర్గమకాండమునకు రండి. ఆ దేశపు బీదవానికి పైవస్త్రమే పగలు బట్ట, రాత్రి దుప్పటి. దానిని తాకట్టు పెట్టుకొన్నవాడు ప్రొద్దు గ్రుంకకమునుపు తిరిగి ఇయ్యవలెనని ఆజ్ఞ. సాయంకాలమున తిరిగి ఇయ్యవలసిన తాకట్టు తాకట్టెట్లగును, అప్పిచ్చినవానికి లాభమేమి అని అడుగుదురేమో. ధర్మశాస్త్రము దానికి జవాబియ్యదు. ఆ బీదవాడు రాత్రి ఎట్లు పండుకొనునన్నదే అది అడుగు ప్రశ్న. నేడు దుప్పటిని తాకట్టు పెట్టువారు అరుదు. కాని పేదవాని రేషను కార్డును, విధవరాలి కుట్టుమిషనును అప్పు క్రింద పెట్టెలో దాచుకొన్నవారు మన సంఘములలోను లేకపోలేదు. ఆమోసు 2:8లో ప్రవక్త గద్దించినది ఎవరినో చదువుడి. వారు బలిపీఠముల యొద్ద పండుకొన్నవారు, అనగా భక్తిపరులు.

ఆ వచనము మాకు తగిలిన విధము దాచము. మన మన్యములో అట్టి చలి వసంతమున గాక డిసెంబరు, జనవరి నెలలలో నుండును. లంబసింగి కొండలలో కొన్ని తెల్లవారుజాములలో గడ్డిమీద, కీర్తనకారుడు చెప్పినట్లే (147:16), బూడిదవలె తెల్లగా పేరుకొనును. ఆ ప్రాంతములోని ఒక చిన్న సంఘమునకు మేము జనవరి నెలలో వెళ్లితిమి. సాయంకాల కూటములో కానుకలనుగూర్చి గంటసేపు ప్రసంగించితిమి. రాత్రి ఒక ముసలి దంపతుల యింట రెండు గొంగళ్లు కప్పుకొని సుఖముగా నిద్రించితిమి. తెల్లవారుజామున లేచి చూడగా ఆ యిద్దరును పొయ్యి దగ్గర మనుమని నడుమ పెట్టుకొని కూర్చుండియుండిరి. ఇంటిలో నున్న గొంగళ్లు ఆ రెండే.

"ఏమమ్మా, చెప్పకూడదా?" అంటిమి.

"మీకు చలి అలవాటు లేదు గదా అయ్యగారూ" అని ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసెను.

మేము గొంగళ్లు మడిచి ఇచ్చితిమి. అవి ఇంకను వెచ్చగానే యుండెను.