క్రియ కంటే ముందు కాలం

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. “నిన్న సాయంత్రం అన్నయ్యతో కలిసి బజారుకు” దాకా చెప్పి, అప్పుడు “వెళ్లాను” అని ముగిస్తాం. ఇంగ్లిష్‌లో అంత వ్యవధి ఉండదు. కర్త వెంటనే క్రియ రావాలి కాబట్టి నోరు తెరిచేలోపే కాలం తేల్చుకోవాలి. పన్నెండు టెన్సుల పట్టిక బట్టీపట్టిన పిల్లలు కూడా తడబడేది ఇక్కడే. పట్టిక పక్కన పెట్టి, మీ తెలుగు వాక్యాన్నే కొన్ని ప్రశ్నలు అడగండి.

ముందుగా, అందులో సమయం చెప్పే మాట ఉందా? నిన్న, పోయినేడు, 2019లో వంటి గడిచిపోయిన సమయం కనిపిస్తే సింపుల్ పాస్ట్ వాడండి, మరో ఆలోచన వద్దు. “వస్తాను” దగ్గర మాత్రం ఆగాలి. రోజూ వస్తే “ఐ కమ్”, రేపు వస్తే “ఐ విల్ కమ్”.

సమయం చెప్పకపోతే, జరిగినదాని ఫలితం ఇప్పటికీ ఉందా అని చూడండి. అసలు చిక్కంతా ఇదే. “తాళంచెవి పోగొట్టుకున్నాను” అంటూ గుమ్మం బయటే నిలబడి ఉంటే “ఐ హావ్ లాస్ట్ మై కీ” అనాలి. అమెరికాలో ఇక్కడ “ఐ లాస్ట్” అన్నా చెల్లుతుంది. కానీ “నిన్న” చేరిందంటే ఎక్కడైనా “ఐ లాస్ట్ మై కీ యెస్టర్‌డే” అనే చెప్పాలి. అక్కడ “హావ్” తప్పు.

మొదలై ఇంకా సాగుతున్న పనికి మూడో ప్రశ్న: ఎన్నాళ్లుగా? “పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను” అనడానికి చాలామంది “ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్” అంటారు. “ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్” సరైనది. గడిచిన వ్యవధికి ఫర్, మొదలైన క్షణానికి సిన్స్: సిన్స్ 2015.

ఇక “ఐ యామ్ నోయింగ్”, “ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్” మానేయండి. తెలియడం, కలిగి ఉండడం చేస్తూ ఉండే పనులు కావు. “ఐ నో”, “ఐ హావ్” చాలు. ప్రశ్నలో “డిడ్” వస్తే భూతకాలం దానిలోనే ఉంది, “డిడ్ యూ గో” అనండి, “వెంట్” వద్దు.

ఈ రాత్రే మీ రోజు గురించి అయిదు వాక్యాలు తెలుగులో రాయండి. సమయం చెప్పే మాటల కింద గీత గీసి, ఆ తర్వాతే ఇంగ్లిష్‌లోకి మార్చండి.