ముప్పై మెతుకులు, ఒకటే కుండ

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మా అవ్వ ఇప్పటికీ అలాగే చూస్తుంది. ఆ మాటనే మా ప్రాజెక్టులో తప్పుగా వాడుకుని నేను దెబ్బతిన్నాను. తెలుగు గోడపత్రికలో స్టాటిస్టిక్స్ పాఠమేంటని నవ్వకండి. తెలుగు రెండో భాషగా తీసుకున్న మనలో సైన్సు వాళ్ళమే ఎక్కువ కదా.

మా ప్రశ్న చిన్నదే. వర్మీవాష్, అంటే వానపాముల ఎరువు తొట్టి నుంచి దిగే నీళ్ళు, పోస్తే పెసర మొలకలు బాగా పెరుగుతాయా? రెండు ట్రేలు పెట్టాం. ఒకదానికి వర్మీవాష్, ఇంకోదానికి మామూలు నీళ్ళు. ఒక్కో ట్రేలో 30 మొలకలు. పదో రోజు స్కేలుతో కొలిస్తే సగటున సెంటీమీటరున్నర తేడా వచ్చింది! టి-టెస్ట్ చేశాం. పి-విలువ 0.01 కన్నా తక్కువ. అంటే నిజానికి వర్మీవాష్ వల్ల ఏ మార్పూ లేకపోయినా, ఊరికే కాకతాళీయంగా ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కనిపించే అవకాశం నూటికి ఒకటి కూడా లేదని. ఆ రోజు నేనూ, నా ప్రాజెక్టు జోడీ క్యాంటీన్‌లో పండగ చేసుకున్నాం.

తర్వాత కాగితాలు పట్టుకుని స్టాటిస్టిక్స్ మేడం దగ్గరికి వెళ్ళాం. మేడం వాళ్ళది కోలారు వైపు.

"ట్రేలు ఎన్నమ్మా?"

"రెండు, మేడం."

"ఎక్కడ పెట్టినారు?"

వర్మీవాష్ ట్రే కిటికీ పక్కన. రెండోది లోపల బీరువా మీద. చెబుతుండగానే నా గొంతు సన్నబడింది.

"అయితే మీ దగ్గర ఉండేది అరవై కాదమ్మా, రెండే."

మెతుకు చెప్పేది ఆ కుండ సంగతి మాత్రమే. ముప్పై మెతుకులు పట్టి చూసినా అంతే. ఈ రకం బియ్యం ఆ రకం కన్నా తొందరగా ఉడుకుతుందా అని అడిగితే మెతుకులు జవాబు చెప్పలేవు. ఈ కుండ కింద మంట ఎక్కువుందేమో, ఆ కుండలో నీళ్ళు తక్కువయ్యాయేమో! దానికి కుండలు ఎక్కువ కావాలి. మా ట్రేలో మొలకలన్నీ ఒకే వెలుతురు, ఒకే తడి పంచుకున్నవి. టి-టెస్ట్ మాత్రం వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని ముప్పై సాక్షులనుకుంటుంది. అలా అనుకునేలా చేసింది మేమే. దీన్ని సూడోరెప్లికేషన్ అంటారు. తెలుగులో 'ఉత్తుత్తి పునరావృతి' అనుకున్నాను. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తడితే చెప్పండి.

జన్యువుల పరిశోధనలో ఇదే తప్పు వేరే వేషంలో వస్తుంది. ఆరోగ్యవంతుల నమూనాలన్నీ సోమవారం, రోగుల నమూనాలన్నీ గురువారం సీక్వెన్సింగ్ చేశారనుకోండి. కనిపించిన తేడా జబ్బుదా, వారానిదా? దీనికి బ్యాచ్ ఎఫెక్ట్ అని పేరు. రెండు రోజుల్లోనూ రెండు రకాల నమూనాలూ కలిపి ఉంటే రోజు ప్రభావాన్ని లెక్కల్లో తీసేయొచ్చు. పూర్తిగా విడిపోయి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. పైగా మనిషిలో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 20,000. అన్నిటినీ 0.05 గీటుతో పరీక్షిస్తే, అసలు ఏ తేడా లేకపోయినా వెయ్యి దాకా 'తేడా ఉంది' అని చేతులెత్తుతాయి. ఆ గోల తగ్గించడానికే 1995లో బెంజమిని, హోచ్‌బర్గ్ ఇచ్చిన పద్ధతిని ఇవాళ బయోఇన్ఫర్మాటిక్స్‌లో విరివిగా వాడతారు. అయితే అది కూడా కిటికీ పక్కన పెట్టిన ట్రేని వెనక్కి జరపలేదు.

ఈ సంగతి మన దేశంలోనే ఎప్పుడో చెప్పారట. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో ప్రయోగాల లెక్కలు చూసిన రొనాల్డ్ ఫిషర్, 1938లో కలకత్తాలో జరిగిన మొదటి భారత స్టాటిస్టికల్ సదస్సులో మాట్లాడాడు. ప్రయోగం అయిపోయాక స్టాటిస్టిక్స్ తెలిసినవాణ్ణి పిలవడం శవపరీక్షకు పిలిచినట్టేనని, మహా అయితే అది దేనితో చచ్చిందో చెప్పగలడని ఆయన మాట సారాంశం. మేడం ఇది చెప్పినప్పుడు నా జోడీకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. రికార్డు ఇవ్వడానికి ఇంక మూడు వారాలే ఉంది.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి పది టీ కప్పులు, ఒక్కోదాంట్లో ఆరు మొలకలు. ఏ కప్పుకు ఏ నీళ్ళు, ఏ కప్పు ఎక్కడ ఉండాలి అన్నది చీటీలు వేసి తేల్చాం. మొలకలన్నీ కొలిచినా లెక్కకు కప్పు సగటునే తీసుకున్నాం. ఇటు ఐదు, అటు ఐదు. మొలకలు మళ్ళీ అరవయ్యే, కానీ ఈసారి కుండలు పది.

తేడా అర సెంటీమీటరు కూడా రాలేదు. పి-విలువ 0.2 దాటింది. వర్మీవాష్ పని చేయదని దీని అర్థం కాదు. పది కప్పులతో తేలలేదని మాత్రమే. రికార్డులో అలాగే రాశాం. పాత టేబుల్ కూడా తీసేయకుండా, ఎందుకు పనికిరాలేదో కింద రాసి పెట్టాం. నా జోడీ మొదటి రిజల్టే ఇచ్చేద్దామంది, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమెనూ తప్పు పట్టలేను, మార్కులు ఇద్దరివీ.

వచ్చే సెమిస్టర్‌లో ప్రాజెక్టు మొదలుపెట్టే చెల్లెళ్ళకు: పెసలు నానబెట్టక ముందే ట్రేల బొమ్మ గీసుకుని మేడం దగ్గరికి వెళ్ళండి. మా కప్పులు ల్యాబ్‌లో కింది అరలో ఉన్నాయి, కడిగే పెట్టాం.