ఇనుము: లోహం ఒకటే, అమరికలు రెండు

లోహ స్ఫటికాలపై ప్రశ్న వస్తే ముందు ఇనుమునే తలచుకోవాలి. గది ఉష్ణోగ్రత వద్ద దానిది అంతఃకేంద్రిత ఘన నిర్మాణం. పరమాణువులు 68 శాతం చోటునే నింపుతాయి. 912 డిగ్రీల సెల్సియస్ దాటగానే ఫలక కేంద్రిత ఘనంగా మారి 74 శాతం నిండుతుంది. అందుకే వేడెక్కుతున్నా ఆ దశలో ఇనుము కాస్త కుంచించుకుపోతుంది! అయినా ఈ రూపంలో ఒక్కో ఖాళీ పెద్దది కాబట్టి కార్బన్ ఎక్కువగా ఇముడుతుంది. ఎర్రగా కాల్చిన ఉక్కును నీటిలో ముంచితే, బయటపడే వ్యవధి లేక ఆ కార్బన్ లోపలే చిక్కుకుంటుంది, ఉక్కు గట్టిపడుతుంది.

1394 డిగ్రీల వద్ద మళ్లీ పాత అమరికే. 770 డిగ్రీల వద్ద బలమైన అయస్కాంతత్వం పోతుంది కానీ నిర్మాణం మారదు. తికమక పడేది ఇక్కడే. ఇతర లోహాలకొస్తే, రాగి, బంగారం, అల్యూమినియం ఫలక కేంద్రితాలు, సులువుగా సాగుతాయి. జింకు, మెగ్నీషియంలది షట్కోణ అమరిక.