వేడి పొగకు ఎన్ని నీళ్లు?

ఎండాకాలంలో మగ్రిబ్‌కు ముందు మన ఇళ్ల వాకిట్లో నీళ్లు చల్లుతాం. చల్లింది నాలుగు చెంబులే అయినా కాసేపటికి వేడి తగ్గుతుంది. నీళ్లు చల్లగా ఉన్నాయి కాబట్టి నేల చల్లబడిందని పిల్లలు అనుకుంటారు. అది కొంతవరకే నిజం. నీళ్లు ఆవిరవుతూ నేలలోని వేడిని తీసుకుపోవడమే అసలు కారణం. మన జిల్లా సిమెంటు కర్మాగారాలకు పనికొచ్చే సూత్రం కూడా ఇదే.

చిలమకూరు, నల్లలింగాయపల్లె, నవాబుపేట వంటి ఊళ్లలో సున్నపురాయి నుంచి సిమెంటు తయారవుతోంది. బట్టీలో ముడిసరుకు సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. అక్కడి నుంచి వచ్చే వాయువు రాతిపొడిని వేడిచేసి బయటపడేటప్పటికి కూడా దాదాపు 350 డిగ్రీలు ఉంటుంది. దాని నిండా దుమ్మే. ఆ దుమ్మును పట్టే గుడ్డ సంచులు అంత వేడికి ఆగవు. గాజునార సంచులు కూడా 260 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. అందుకని ఎత్తైన టవరులో వాయువు మీద సన్నని నీటి తుంపరలు చల్లుతారు.

ఎన్ని నీళ్లు కావాలి? బడిలో చెప్పే మిశ్రమాల పద్ధతే ఇక్కడా ఆధారం: వేడి వస్తువు కోల్పోయిన ఉష్ణం, చల్లని వస్తువు గ్రహించిన ఉష్ణానికి సమానం.

100 కిలోల వాయువును 350 నుంచి 150 డిగ్రీలకు దించాలనుకుందాం. కిలో వాయువు ఒక డిగ్రీ చల్లబడితే సుమారు 0.25 కిలోకేలరీ వదులుతుంది. మొత్తం 100 × 0.25 × 200 = 5000 కిలోకేలరీలు.

ఇక నీటి వైపు చూద్దాం. 30 డిగ్రీల కిలో నీరు 100 డిగ్రీలకు చేరడానికి 70, ఆవిరి కావడానికి 540, ఆ ఆవిరి 150 డిగ్రీలకు చేరడానికి మరో 25 కిలోకేలరీలు తీసుకుంటుంది. మొత్తం 635. గోడల గుండా పోయే వేడిని వదిలేస్తే, 5000ను 635తో భాగించాలి. సుమారు 8 కిలోల నీరు చాలు.

ఈ లెక్కలో పిల్లలు తరచుగా 540ని మరిచిపోతారు. అప్పుడు జవాబు సుమారు 53 కిలోలు వస్తుంది. పరీక్షలో అయితే పోయేది రెండు మార్కులే. కర్మాగారంలో నీరు ఎక్కువైతే, తుంపరలు లావైతే ఆవిరి కాని నీటితో దుమ్ము బురదై టవరు అడుగున పేరుకుంటుంది, సంచులు మూసుకుపోతాయి. నీరు తక్కువైతే సంచులు కాలతాయి, దుమ్ము చుట్టుపక్కల చేల మీదా, జనం ఊపిరిలోకీ పోతుంది. ఐటీఐ, డిప్లొమా చదివి అలాంటి చోట కొలువులో చేరే మన పిల్లలు ఈ తూకం తెలిసినవారై ఉండాలి.

ఇంకో మాట కూడా పిల్లలకు చెబుతాం. వేడి మాయం కాలేదు, ఆవిరితో కలిసి పొగగొట్టం గుండా పోయింది. దాంతోపాటు నీళ్లూ పోయాయి. కాబట్టి ముందుగా ఆ వేడితో ముడిరాయి తడిని ఆరబెట్టడం, బాయిలరు పెట్టి కరెంటు తీయడం మేలు. వాయువులో వేడి ఎంత తగ్గితే, చల్లాల్సిన నీళ్లు అంత తగ్గుతాయి.

నీటి విలువ ఒంటిమిట్ట వారికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. కోదండరాముని గుడి దగ్గర ఇమాంబేగ్ తవ్వించిన బావిని ఊరు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తుంది. పారే ఏటిలో వుజూ చేసినా నీళ్లు వృథా చేయకూడదన్నది మన పెద్దలు నేర్పిన మాట. సూరా రహ్మాన్‌లో వచ్చే మీజాన్ అంటే తూకమే కదా.

దాతలకు మా మనవి ఒక్కటే. ఫీజులకూ పుస్తకాలకూ మీరిస్తున్న సాయంతో పాటు నాలుగు థర్మామీటర్లు, రెండు కెలోరీమీటర్లు, ఒక త్రాసు కూడా తలచుకోండి. నోటితో వల్లించిన 540 పరీక్షతో పోతుంది. చేత్తో కొలిచి చూసిన 540 కొలువులో కూడా గుర్తుంటుంది.