రైతునకు అదనపు రాబడి: ఉపవృత్తి నెన్నుకొను విధము



సేద్యపు రాబడి ఏటికి ఒకసారియో రెండుసార్లో చేతికి వచ్చును. ఇంటి వ్యయములు మాత్రము ప్రతిదినమును వచ్చుచుండును. ఉప్పు, నూనె, బిడ్డల చదువు, జ్వరమునకు మందు - ఇవి పంట కోతకు వచ్చువరకు ఆగవు. ఈ యెడమును అనేకులు అప్పుతో పూడ్చుకొనుచున్నారు. అప్పుతో గాక చిన్న ఉపవృత్తితో దానిని పూడ్చుకొనవలెనని మన సంఘము చాలకాలముగా చెప్పుచున్నది. అయితే ఏ ఉపవృత్తిని చేపట్టవలెననుటకు ముందుగా ఒక ప్రశ్న యున్నది. మనము పండించిన దానిని లేక పెంచిన దానిని కడపట కొనువాడెవడు? అతడు దానిని తినువాడా, లేక మనవలెనే పెంచి అమ్మదలచినవాడా? ఈ నెల పాఠమంతయు ఈ ప్రశ్ననుగూర్చియే.

బోరబండ చెప్పు పాఠము

హైదరాబాదు నగరమున బోరబండ యను పేట కలదు. దానికొక దిక్కున జూబిలీహిల్సు, ఫిలింనగరు. మరియొక దిక్కున ఎర్రగడ్డ. బోరబండలో కూలివారు, ఆటో నడుపువారు, చిరుద్యోగులు, చేతిపనివారు దట్టముగా నివసించుచున్నారు. ప్రతి యింటికిని ప్రొద్దుననే పాలు కావలెను, ఆకుకూర కావలెను, గ్రుడ్డు కావలెను. 1999 జనవరి 26వ తేదీన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున రైతుబజారుల పథకము ప్రారంభింపబడినది. ఎర్రగడ్డ రైతుబజారు ఆ పథకము క్రిందిదే. గుర్తింపు కార్డు గల రైతు అక్కడ దళారి లేకుండ తన కూరగాయలను తానే అమ్ముకొనవచ్చును. ధర టోకు ధరకంటె హెచ్చుగను, చిల్లర దుకాణపు ధరకంటె తక్కువగను ఉండునట్లు నిర్ణయింపబడును.

అక్కడ తోటకూర కట్టను కొన్న యిల్లాలు దానిని ఆ పూటయే వండును. మరునాడు ఆమెకు మరల కూర కావలెను. ఈ కొనుబడి నేడున్నది, రేపును ఉండును. మీ మండల కేంద్రమునను, రైల్వే స్టేషను ప్రక్కనను, బడి యెదుటను ఇట్టి చిన్న బోరబండ యొకటి తప్పక యుండును. దానిని మొదట చూచి వచ్చి పిమ్మట ఉపవృత్తిని నిశ్చయించుకొనుడు.

ఈము పక్షి చెప్పు పాఠము

దీనికి మారుగా జరిగినదానిని చూడుడు. ఈము ఆస్ట్రేలియా దేశపు పెద్ద పక్షి. మన ప్రాంతమునను, తమిళనాడు, మహారాష్ట్రములలోను కొన్నియేండ్లు దాని పెంపకము మిక్కిలి లాభకరమని ప్రచారమయ్యెను. మాంసము, నూనె, తోలు, ఈక - అన్నియు అమ్ముడుపోవునని చెప్పిరి. రైతులు పొలము తాకట్టుపెట్టియు, పొదుపు సొమ్ము తీసియు జతలను కొనిరి. కాని ఊరిలో ఈము మాంసము తినువారు కొద్దిమంది. మొదట పెంచినవారికి వచ్చిన సొమ్ము మాంసమువలన గాక, క్రొత్తగా పెంపకమునకు దిగువారికి పిల్లలను అమ్ముటవలననే చాలమట్టుకు వచ్చెను. క్రొత్తవారు వచ్చుచున్నంతవరకు లాభము కనబడెను. వారు రాకపోయిన దినమున పిల్లలను అడుగువాడే లేకపోయెను.

2012 ఆగస్టులో తమిళనాడు ఈరోడ్ జిల్లా పెరుందురైలో పేరుమోసిన యొక ఈము కంపెనీ మూతపడగా వేలమంది మదుపుదారుల సొమ్ము చిక్కుకొనెను. మన జిల్లాలలో సైతము మేత వ్యయము భరింపలేక కొందరు పక్షులను విడిచిపెట్టవలసి వచ్చెను. ఆ రైతులు సోమరులు కారు, తెలివితక్కువవారును కారు. పక్షియు చెడ్డది కాదు. లేనిది తినువాడు మాత్రమే. కావున ఎవరైనను “మీరు పెంచుడు, మేమే తిరిగి కొందుము” అని వచ్చినప్పుడు, “మీయొద్ద కొని తినువారెవరు? వారిని మాకు చూపుడు” అని అడుగుడు. చూపలేనివారికి సొమ్ము కట్టకుడు.

తెలిసిన పనితో మొదలిడుట

తినువాడు ప్రక్కయింటనే యున్న ఉపవృత్తులలో పెరటికోళ్ల పెంపకము మొదటిది. మన నాటుకోడి ఏటికి ఇంచుమించు 50 మొదలు 60 గ్రుడ్లు మాత్రమే పెట్టును. హైదరాబాదు రాజేంద్రనగరులో 1988లో స్థాపింపబడిన కేంద్ర కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరటికి తగిన రంగుకోళ్ల జాతులను రూపొందించిరి. వానిలో వనరాజ గ్రుడ్లకును మాంసమునకును పనికివచ్చును. పెరటిలో ఏటికి 100 మొదలు 110 గ్రుడ్లు పెట్టును. గ్రామప్రియ ముఖ్యముగా గ్రుడ్లకు ఉద్దేశింపబడినది. 160 మొదలు 180 వరకు పెట్టును. ఈ పెట్టలు పొదుగుటకు సామాన్యముగా కూర్చుండవు. వాని గ్రుడ్లను నాటుకోడి క్రింద పొదిగించినను, ఆ పిల్లలకు తల్లి గుణములన్నియు రావు. కావున క్రొత్త పిల్లలను ఎప్పటికప్పుడు నమ్మకమైన చోటనుండి తెచ్చుకొనవలెను.

ఒక్కరోజు పిల్లలను తెచ్చినచో ఆరు వారములవరకు వెచ్చదనము, మంచి దాణా, కాపుదల అవసరము. అనుభవము లేనివారు ఆరు వారములు పెరిగిన పిల్లలనే కొనుట మేలు. పెరటిలో పురుగులు, గింజలు, ఆకులు ఏరుకొని తిరుగుటకు ఒక యింటికి పది, పదునైదు కోళ్లు చాలును. అంతకు మించినచో మేతయంతయు కొనవలసివచ్చును. అప్పుడది పెరటిపెంపకము కాదు. సాయంకాలము గుప్పెడు నూకలు, తవుడు పెట్టుడు. గ్రుడ్ల పెంకు గట్టిపడుటకు ఒక్కొక్క పెట్టకు దినమునకు 4 గ్రాముల ఆలుచిప్పల పొడి వేయుడు. రాత్రివేళ పిల్లి, ముంగిస దూరని గూటిలో మూయుడు.

కొక్కెర తెగులు

ఊరి కోళ్లను ఒక్క వారములో తుడిచిపెట్టునది కొక్కెర తెగులు. దీనికి మందు లేదు, టీకా మాత్రమే కలదు. ఐదు మొదలు ఏడు దినముల వయస్సున కంటిలోనో ముక్కులోనో లసోటా చుక్క వేయించి, నాలుగవ వారమున మరల వేయించవలెను. ఎనిమిదవ వారమున ఆర్.2.బి. టీకా పొడిపించవలెను. పెరిగిన పిల్లలను కొనునప్పుడు ఏ టీకాలు ఏ దినమున వేసిరో వ్రాయించుకొనుడు. టీకా బుడ్డి నూరు కోళ్లకో, అంతకెక్కువకో సరిపడునట్లు వచ్చును. మంచుగడ్డలలో పెట్టి తీసికొనిరావలెను. కలిపిన పిమ్మట రెండు గంటలలోపల వాడవలెను. పది కోళ్లున్న యింటివారు ఒంటరిగా కొన్నచో తక్కినది పారవోయవలసినదే. పదియిండ్లవారు ఒకే దినమున వేయించినచో వ్యయము పదవ వంతగును. సంఘమెందులకని అడుగువారికి ఈ బుడ్డియే సమాధానము.

లెక్క వ్రాయుట

ఈ క్రింది ధరలు లెక్క నేర్చుకొనుటకై అనుకొన్నవి మాత్రమే. మీ ఊరి ధరలను వేసికొనుడు.

12 వనరాజ పెట్టలను ఒక్కొక్కటి 150 రూపాయలకు కొన్నచో 1,800 రూపాయలు. టీకాలు, మందులు 200. నూకలు, తవుడు, చిప్పపొడి 1,000. గూడు 1,500, అది మూడేండ్లు నిలుచును గనుక ఈ ఏటి పాలు 500. మొత్తము వ్యయము 3,500 రూపాయలు.

రెండు చచ్చి పది మిగిలినవనుకొందము. పెట్టకు 100 చొప్పున 1,000 గ్రుడ్లు. ఇంటి బిడ్డలకు 250 ఉంచి 750 గ్రుడ్లను ఆరేసి రూపాయలకు అమ్మినచో 4,500. ఏడాది చివర పది కోళ్లను 250 చొప్పున అమ్మినచో 2,500. మొత్తము రాబడి 7,000. మిగులు 3,500 రూపాయలు. బిడ్డలు తిన్న 250 గ్రుడ్లు దీనికి అదనము.

ఇక టీకా వేయించలేదనుకొందము. పండ్రెండింటిలో ఆరు గ్రుడ్లు పెట్టకమునుపే చచ్చెను. 600 గ్రుడ్లలో ఇంటికి 250 పోగా 350 మిగులును. వాని వెల 2,100. ఆరు కోళ్ల వెల 1,500. రాబడి 3,600. టీకా వ్యయము లేదు, మేత సగమే, వ్యయము 2,800. మిగులు 800 మాత్రమే. అనగా 200 రూపాయలు మిగుల్చుకొనబోయి 2,700 పోగొట్టుకొనుట.

ఈ రాబడి కుటుంబమును పోషించునంతటిది కాదు. పోషించునని చెప్పువారిని నమ్మకుడు. కాని బడి పుస్తకములకును, ఒక జ్వరమునకును అప్పు చేయకుండ కాపాడును. అదియే దాని పని.

సొమ్ము ఎవరి చేతిలో నుండవలెను?

కోళ్లను తెరచుట, మూయుట, మేత వేయుట సామాన్యముగా ఇల్లాలి పని. పని ఆమెది, సొమ్ము మరియొకరిది యైనచో ఆ ఉపవృత్తి నిలువదు. కావున లెక్కపుస్తకమును, బ్యాంకు ఖాతాయు ఆమె పేరనే యుండవలెను. 2000 సంవత్సరమున ప్రారంభమైన ముల్కనూరు మహిళా సహకార డెయిరీలో సభ్యులును స్త్రీలే, పాలకవర్గమును స్త్రీలే. పాడి పని చేయువారే దాని సొమ్మును చూచుకొనుట అక్కడ సాగుచున్నది.

కూడి అమ్ముట

ఒకప్పుడు పెద్ద కోళ్లఫారములవారికి సైతము గ్రుడ్డు ధరను వర్తకుడే నిర్ణయించుచుండెను. హైదరాబాదున 1971లో వెంకటేశ్వర హ్యాచరీసును స్థాపించిన డాక్టర్ బి.వి. రావుగారి నాయకత్వమున 1982లో జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘమేర్పడి, ధరను పెంపకదారులే ప్రకటించు పద్ధతిని తెచ్చెను. పెద్దవారికే కూడుట అవసరమైనప్పుడు పది కోళ్లవారికి వేరుగ చెప్పవలెనా? ఇరువది యిండ్ల గ్రుడ్లు వారమునకు రెండు మారులు ఒకచోట చేరినచో ఒక్కరు పట్టణమునకు కొనిపోవచ్చును. అయితే వనరాజ గ్రుడ్డును నాటుకోడి గ్రుడ్డని చెప్పి అమ్మరాదు. ఒకసారి మోసపోయిన ఇల్లాలు మరల మన గంపవైపు చూడదు.

వచ్చు సభలో చర్చించుటకు

1. మన ఊరికి పదిమైళ్ల లోపల దినదినము కొని తినువారు ఎక్కడెక్కడ నున్నారు? వారికి కావలసినవేవి?

2. కోళ్లున్న యిండ్లెన్ని? టీకా దినముగా ఏ దినమును నిశ్చయించవలెను? మంచుపెట్టెను ఎవరు తెత్తురు?

3. గత పదియేండ్లలో మన ఊరివారు చేపట్టి విడిచిన ఉపవృత్తులేవి? వానిలో కడపట కొనువాడు తినువాడేనా?

మూడవ ప్రశ్నకు పెద్దలు దాపరికము లేక ఉత్తరమిత్తురు గాక. ఒకరి నష్టము పదిమందికి తెలిసినచో, ఆ నష్టము మరియొక యింటికి పోదు.