నలిగితేనే ఘాటు

1. వలిచిన వెల్లుల్లి రెబ్బకు పెద్దగా వాసన ఉండదు. రోట్లో ఒక్క దెబ్బ వెయ్యండి, పక్కింటికి కూడా తెలుస్తుంది. సూక్ష్మజీవుల పని పట్టే అల్లిసిన్ రెబ్బలో ముందే ఉండదు. కణాలు చితికి, లోపలి ఎంజైమ్ కలిస్తేనే పుడుతుంది. దంచిన వెల్లుల్లిని 10 నిమిషాలు పక్కన పెట్టి, తర్వాతే పొయ్యి మీద వెయ్యండి. వెంటనే కాగే నూనెలో పడితే ఆ ఎంజైమ్ పనిచెయ్యదు.

2. పచ్చి వెల్లుల్లిని ఉత్త నూనెలో వేసి బయట నిల్వ పెట్టకండి. గాలి తగలని చోట బోట్యులిజం విషం తయారుచేసే బాక్టీరియా పెరగగలదు. ఆవకాయలో వేస్తాం కదా అంటారేమో, అక్కడ మామిడి పులుపూ ఉప్పూ కాపలా ఉంటాయి.

3. ఆవాలదీ వెల్లుల్లి కథే. పిండికి తడి తగిలాకే ఘాటు పుడుతుంది, ఆవకాయలో ఆ తడి ముక్క ఊటే. అందుకే ఆవాలు ఎండబెట్టాలి గానీ వేయించకూడదు. ఒక ఏడాది తొందరపడి దోరగా వేయించి పిండి కొట్టాను. రంగు వచ్చింది, నూనె తేలింది, ముక్కుకెక్కే ఘాటు మాత్రం రాలేదు. ఇక జాడీలో తడి గరిటె పెట్టారా, ఎంత ఆవపిండి ఉన్నా బూజే.

4. పన్ను సలుపుతుంటే లవంగం కొరికి అక్కడే అదిమి ఉంచండి. అందులోని యూజినాల్‌ను దంతవైద్యులూ వాడతారు. లవంగ నూనె అచ్చంగా రాస్తే చిగురు మండుతుంది, కొబ్బరినూనెలో ఒక్క చుక్క చాలు. నొప్పి తగ్గినా పిప్పి పోదు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

5. వామును అరచేతిలో నలిపి వెయ్యండి. థైమాల్ వాసన అప్పుడే బయటపడుతుంది.

6. పసుపులోని కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, కాబట్టి పసుపునీళ్లు చల్లి ఇల్లు శుభ్రమైందనుకోకండి. వెలుతురుకూ నిలవదు. చొక్కా మీది పసుపు మరక ఎండలో వెలిసిపోయేది అందుకే. డబ్బా చీకట్లో ఉంచండి. పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. అలాగని వంటింటి పసుపు తెగిన వేలికి అద్దకండి. అందులో ఏ దుమ్ము, ఏ రంగు కలిసిందో! ముందు కుళాయి నీళ్లు, సబ్బు.

7. బియ్యం డబ్బాలో వేపాకు వేసేటప్పుడు గలగలలాడేలా నీడన ఎండినదే వెయ్యండి. పచ్చాకు తేమకు బియ్యం ముక్కిపోతుంది. వేపనూనె మాత్రం పసిపిల్లలకు చుక్క కూడా తాగించకండి, ప్రాణం మీదికి వస్తుంది.